బిషప్ దూడలు

ఆ వారం మా పాకలో రెండావులు ఈనాయి. రెండూ సులువుగానే ఈనాయి. ఒకటి నేను పొద్దున్నే బకెట్టు పట్టుకుని వెళ్ళేసరికే దూడను నాకుతూ కనిపించింది. రెండోది ఆదివారం నేను చర్చికి వెళ్ళివచ్చేలోపు పని ముగించుకుని, ఏమీ ఎరగనట్టు నెమరు వేస్తూ నిలబడింది. ఇరుగుపొరుగుకు జున్నుపాలు పంపాం. వాన తెరిపి లేకుండా పడుతున్నా, కొండమీద గడ్డి ఇంకా మొలక కట్టకపోయినా, ఇంట్లో ముఖాలు బాగానే ఉన్నాయి. ఇంట్లో అంటే నేనూ, మా అన్న మాసీ, అంతే. ఆయన పెళ్ళి మాట తలపెట్టలేదు. నా పెనిమిటి పోయి తొమ్మిదేళ్ళయింది. కెర్రీ కొండల్లో, మా అమ్మ వదిలి వెళ్ళిన ఏడు డెక్స్టర్ ఆవులను మేమిద్దరం మేపుకుంటున్నాం.

మా జాతిలో పొడుగు ఆవు అంటే దాని వీపు నా నడుం దాటదు. పొట్టి ఆవు అయితే పీపాకి నాలుగు మేకులు కొట్టి నిలబెట్టినట్టు ఉంటుంది. చూడటానికి ముద్దొస్తుంది. ఆ ముద్దే మా కొంప ముంచింది.

గురువారం పొద్దున మా పొట్టి ఆవు కీరోగ్ నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. నల్లపేడపురుగు అని దాని పేరుకు అర్థం. పేరుకు తగ్గట్టే నల్లగా, గుండ్రంగా, నేలబారుగా ఉంటుంది. ఇంకా ఆరు వారాలు గడువుంది. గోడవార, వానలో, తల దించుకుని నిలబడి ఉంది. కింద గడ్డిలో ఉన్నదాన్ని మొదట మావి అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే దూడ. తల బుల్‌డాగ్ కుక్క తలలా లోపలికి నొక్కేసి ఉంది. నాలుక వాచి బయటికి వేలాడుతోంది. కాళ్ళు నా అరచేతి పొడవు కూడా లేవు. పొట్ట మూతపడలేదు. కీరోగ్ దాన్ని నాకబోయి ఆగిపోతోంది, మళ్ళీ మూతి దగ్గరికి తెస్తోంది, మళ్ళీ ఆగిపోతోంది.

నేను చూస్తుండగానే మాసీ వచ్చాడు. ఆయన చేతిలో పార ఉంది. నేను కేకైనా వేయలేదు. మరి ఈయన పారతో ఎలా వచ్చాడన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు.

"లోపలికి పో గోబ్నిట్. నేను చూసుకుంటా."

"ఏం చూసుకుంటావు?"

"పూడుస్తా. ఇంకేం చేస్తాం, ఫాదర్‌ని పిలిచి జ్ఞానస్నానం చేయిస్తామా?"

"ఎక్కడ పూడుస్తావు?"

"కింద పొదల దగ్గర. దాని పక్కనే."

"దేని పక్కన?"

ఆయన పార మీద బరువు వేసి నిలబడ్డాడు. టోపీ అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. 

"మాసీ. దేని పక్కన?"

"బానీది."

బానీ కీరోగ్‌కి తల్లి. మా అమ్మ చేతులతో పెంచిన ఆఖరి ఆవు. పదకొండేళ్ళది. కిందటి వసంతంలో ఈనలేదు. రెండుసార్లు దాటించినా చూలు కట్టలేదని, గొడ్డుపోయిందని మాసీయే నాకు చెప్పాడు. నమ్మాను. మే నెలలో కబేళా లారీ ఎక్కించాను. ఎక్కనని మొరాయిస్తే తోక మెలేసి పైకి తోసింది మాసీయే.

"అది కట్టలేదని చెప్పావు."

"చెప్పాను."

"కట్టింది. ఈసుకుపోయింది. ఇలాంటిదే."

"డిసెంబరులో. నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు. పిత్తాశయం కోయించుకుని పడుకున్నదానికి ఏం చెప్పమంటావు, నీ ఆవు కుక్కను కన్నది అని చెప్పనా?"

"ఇంటికొచ్చాక చెప్పొచ్చు. క్రిస్మస్‌కి చెప్పొచ్చు. లారీ వాడు తలుపు దించినప్పుడైనా చెప్పొచ్చు. బానీ గొడ్డుపోలేదు మాసీ. పొడుగు కోడెను చూపిస్తే మళ్ళీ ఏడాదికి బంగారంలాంటి దూడను ఇచ్చేది. దాన్ని నేను మాంసానికి పంపాను."

"పైదారి థేడీ చెప్పొద్దన్నాడు."

ఇక్కడ నాకు వేడి పుట్టింది. వానలో నిలబడి ఉన్నా చెవులు కాలుతున్నాయి.

"థేడీకి ఎలా తెలుసు?"

"నేనే తీసుకెళ్ళి చూపించాను. బానీని దాటింది ఆయన కోడే కదా. చూసి టోపీ తీశాడు. 'ఇది మీ ఆవుల్లో ఉన్న దోషం మాసీ, మీ అమ్మ కాలం నుంచీ ఉండుంటుంది, బయటికి పొక్కితే మీ దూడ ముఖం ఎవడూ చూడడు. నేను మాత్రం నోరెత్తను, మా అమ్మ సమాధి మీద ఒట్టు' అన్నాడు. మంచి మనిషి. పదిహేను నెలలయింది, ఒక్కడికి చెప్పలేదు."

"ఎందుకు చెప్తాడు. చెప్తే పోయేది ఎవరి పరువు?"

మాసీ దీని గురించి ఎన్నడూ ఆలోచించలేదని ఆయన ముఖం చూస్తే తెలిసింది. ఆయన మీద జాలి పడాల్సింది. పడలేదు.

థేడీ టీహన్ మాకు పైదారిలో ఉంటాడు. వాడి కోడె పేరు బిషప్. పొట్టికాళ్ళ మీద, ఛాతీ ముందుకు పెట్టి, పండగ పూజకు నడిచొస్తున్న మతాధికారిలా అడుగులు వేస్తుందని ఆ పేరు. మూడేళ్ళుగా జిల్లా పశువుల పోటీలో మొదటి బహుమతి ఎర్ర రిబ్బను దానిదే. పోటీలో తీర్పు చెప్పే పెద్దమనుషులకు పొట్టిదంటే పిచ్చి. ఎంత నేలకు ఆనితే అంత అందం వాళ్ళకి. కాబట్టి మా చుట్టుపక్కల ప్రతి ఇంటికీ బిషప్ కావాలి. థేడీ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. "ఇరుగుపొరుగు వాళ్ళం కదా" అంటాడు. ఉచితంగా వచ్చిన కోడె మీద ఫిర్యాదు చేసే నోరు ఎవరికుంటుంది? చేస్తే, మేలు చేసినవాడి చేయి కొరికిన కుక్క అంటారు.

ఒంటి చక్రం బండి తెచ్చి, దూడను అందులో పెట్టి, గోనెపట్టా కప్పాను.

"ఎక్కడికి?" అన్నాడు మాసీ.

"థేడీ దగ్గరికి."

"అందరూ చూస్తారు."

"చూడనీ. వాళ్ళు చూడకుండా పూడ్చిపెట్టబట్టే ఇది రెండోది పుట్టింది."

పైదారి అరమైలు. చక్రం రాళ్ళమీద ఎగిరెగిరి పడుతోంది. దారి పొడుగునా నేను థేడీకి చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు. ఎందుకంటే నేను గేటు తీయగానే ఆయన టీ కప్పుతో బయటికి వచ్చి, బండి చూశాడు, గోనె కింద ఆకారం చూశాడు, ఏం జరిగిందని అడగకుండానే టోపీ తీశాడు.

"అయ్యో తల్లీ," అన్నాడు. "మళ్ళీ మీ ఇంట్లోనే. సరే, అయిందేదో అయింది. నా నోటి నుంచి ఒక్క మాట బయటికి రాదు."

"నీ నోరు మూయించడానికి రాలేదు థేడీ."

"మీ పరువు నా పరువు కాదూ? మీ అమ్మ అంటే నాకు ఎంత గౌరవమో నీకు తెలుసు."

"ఎంతమందికి వేశావు ఈ ఒట్టు?"

కప్పులో టీని ఒకసారి గుండ్రంగా తిప్పాడు. "ఒక ఇంటి గుట్టు ఇంకో ఇంట్లో చెప్పే అలవాటు నాకు లేదు."

అంటే ఇంకా ఇళ్ళున్నాయి. తెరిచిన తలుపులోంచి లోపల వంటగది కనిపిస్తోంది. గోడమీద ఏసు తిరుహృదయం పటం, దాని కింద ఎర్ర దీపం, దీపం చుట్టూ వరసగా బిషప్ రిబ్బన్లు. ఏది దీపమో ఏది రిబ్బనో తెలియని ఎరుపు. ఆ రిబ్బన్లు చూస్తుంటే నాకు బిషప్ దాటిన నెల్ ఆవు గుర్తొచ్చింది.

నెల్ క్లిఫర్డ్ దారి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ. ఆమెకు ఉన్నది ఒకే ఆవు. డచెస్ అని పొట్టి ఆవు. దాని పాలే ఆమె టీకి, దాని వెన్నే ఆమె రొట్టెకి, పొద్దున లేచాక ఆమె మాట్లాడే మొదటి ప్రాణి కూడా అదే. ఏప్రిల్‌లో ఈనాల్సిన డచెస్ ఫిబ్రవరి చివరినుంచే ఉబ్బిపోతోంది. కవలలని నెల్ ఊరంతా చెప్పుకుంటోంది. పోస్టాఫీసులో చెప్పింది, చర్చి గేటు దగ్గర చెప్పింది, జున్నుపాలు ఎవరెవరికి పంపాలో లెక్క కూడా వేసుకుంది.

"నెల్ ఆవు సంగతేంటి?" అన్నాను.

"కవలలు. మంగళవారం వెళ్ళి చూశా. దేవుడు చల్లగా చూడాలి." ఈ మాట కప్పుతో అన్నాడు. నా ముఖం చూసి అనలేదు.

"మూడేళ్ళ కింద నీ ఎర్రావు పొట్ట ఉబ్బి చచ్చింది. పచ్చి క్లోవరు మేసిందని చెప్పావు."

"అవును పాపం."

"ఫిబ్రవరిలో. ఫిబ్రవరిలో పచ్చి మేత ఎక్కడిది థేడీ?"

ఆయన కప్పులో మిగిలిన టీ గడ్డిలో పారబోశాడు.  ఇలాంటి దూడ కొన్నిసార్లు ముందే ఈసుకుపోదు, లోపలే ఉండిపోతుంది. దాని చుట్టూ నీరు చేరుతుంది. పీపాలకొద్దీ చేరుతుంది. నీరు తీయకపోతే తల్లి గుండె ఆగుతుంది. ఇది మా అమ్మ నోట నేను విన్నదే. థేడీ కళ్ళారా చూసినది. చూసినవాడు మంగళవారం నెల్ పాకలో నిలబడి, ఆవు పొట్ట తట్టి, కవలలన్నాడు.

"నీకు తెలుసు. తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"ఆమె ఎంత సంతోషంగా ఉందో నువ్వు చూడలేదు. ఒంటరి మనిషి. ఆ సంతోషం నేనెందుకు చెడగొట్టాలి? పైగా, నిజంగానే కవలలైతే?"

"అయితే నీ రిబ్బను నిలబడుతుంది. కాకపోతే ఆమె ఆవు పచ్చి క్లోవరు మేసిందని చెప్తావు."

అంతకంటే ఎక్కువ తిట్టాలని ఉంది. కానీ తిట్టడానికి పట్టే సమయం కూడా డచెస్‌దే. బండి వెనక్కి తిప్పాను. వెనకనుంచి ఆయన, "గోబ్నిట్, దాన్ని గోనెతో సరిగ్గా కప్పు, వానలో దారిలో జనం ఉంటారు" అన్నాడు. గోనె తీసి ఆయన గేటు మీద పడేసి వచ్చాను.

నెల్ పాక తలుపు దగ్గర బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది. ఆమె పక్కన డచెస్. నేను డచెస్‌ని చూసి పది రోజులైంది. పది రోజుల్లో అది ఆవు ఆకారం పోగొట్టుకుంది. రెండు పక్కలా పొట్ట సమానంగా, గుండ్రంగా, వెన్ను దాకా ఎగదన్ని ఉంది. ముందరి కాళ్ళు ఎడంగా పెట్టి, మెడ చాచి, చిన్న చిన్న ఊపిర్లు తీస్తోంది. పడుకోలేదు. పడుకుంటే ఊపిరి ఆడదని దానికి తెలుసు.

బండిని బయట గోడ చాటున ఆపి లోపలికి వెళ్ళాను.

"వచ్చావా పిల్లా. చూడు, ఇవాళ ఇంకో జానెడు పెరిగింది. పేర్లు కూడా పెట్టేశాను. ఒకటి ఆడదైతే మీ అమ్మ పేరు."

"మేత తింటోందా నెల్?"

"నిన్నటినుంచి ముట్టలేదు. లోపల ఇద్దరుంటే చోటేది దానికి."

"నెమరు?"

నెల్ డచెస్ మూతి వైపు చూసింది. "నెమరు వేయడం చూడలేదు."

చెప్పాను. ఎంత నెమ్మదిగా చెప్పాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పేశాను. లోపల కవలలు లేవని, నీళ్ళున్నాయని, నీళ్ళలో బుల్‌డాగ్ దూడ ఉందని, ఇవాళే డాక్టరును పిలవాలని. నెల్ ముఖం మూసుకుపోయింది.

"థేడీ చూశాడు. మంగళవారం. కవలలన్నాడు. నీకంటే ఆయనకు తక్కువ తెలుసా?"

"ఎక్కువే తెలుసు. అందుకే అలా అన్నాడు."

"నీ ఆవు ఈసుకుపోయిందా?"

"పొద్దున."

"అదీ సంగతి. నీది పోయిందని నాదీ పోవాలా? నీ కడుపుమంట తీసుకొచ్చి నా పాకలో కుమ్మరించకు. నేను మీ అమ్మతో యాభై ఏళ్ళు స్నేహం చేశాను, ఆమె ఏనాడూ ఎదుటివాళ్ళ పాకలో చెడు మాట ఎత్తలేదు."

నేను బయటికి వెళ్ళి, బండిని తోసుకుంటూ లోపలికి తెచ్చాను. ముసలామెకు అది చూపించకూడదని నాకు తెలుసు. మాటలతో పని జరగదని అంతకంటే బాగా తెలుసు.

నెల్ లేచి వచ్చింది. వంగి చాలాసేపు చూసింది. చూపుడువేలితో ఆ నుదుటిని ముట్టుకుంది.

"ముక్కు లేదు," అంది.

"లేదు."

"బిషప్‌దా?"

"బిషప్‌దే. కిందటేడు బానీకి కూడా ఇదే. మాసీ నాకు చెప్పలేదు. థేడీ చెప్పొద్దన్నాడు."

నడుం పట్టుకుని నిటారుగా నిలబడింది. "పొట్టిదానికి పొడుగు కోడె, పొడుగుదానికి పొట్టి కోడె. పొట్టికి పొట్టి కలిపితే నాలుగింట ఒకటి మట్టిపాలు. మీ అమ్మ ఇదే గుమ్మంలో నిలబడి నాకు చెప్పింది. నీకు చెప్పలేదా?"

"చెప్పింది."

"మరి కీరోగ్‌ని ఎందుకు తోలావు వాడి దగ్గరికి?"

అబద్ధం చెప్పడానికి ఆ బండి పక్కన మనసు రాలేదు. "రిబ్బను కోసం. వాడి దూడ నా పాకలో ఉంటే బాగుంటుందనుకున్నాను. నాకలా జరగదులే, నాలుగింట మూడు బాగానే ఉంటాయి కదా అనుకున్నాను."

"నేను రిబ్బను కూడా అనుకోలేదు," అంది నెల్. "థేడీ తనే తోలుకొచ్చి కట్టేశాడు. వద్దంటే బాధపడతాడని ఊరుకున్నాను. మర్యాదకి పోయి." తర్వాత అంది, "పోస్టాఫీసుకి పరిగెత్తు. డాక్టరుకి ఫోన్ చెయ్యి. నడవకు, పరిగెత్తు."

డాక్టరు మధ్యాహ్నానికి వచ్చాడు. చొక్కా విప్పి, భుజం దాకా చేయి పెట్టి, చాలాసేపు కళ్ళు మూసుకుని వెతికాడు. "నీళ్ళే. దూడ చేతికి అందీ అందనట్టు ఉంది, చాలా చిన్నది," అన్నాడు. ఇంజక్షన్ ఇచ్చాడు. ఇది పని చేసి ఈనడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చని, నీళ్ళు ఒక్కసారిగా పోతే గుండె తట్టుకోకపోవచ్చని చెప్పాడు. బయటికి వచ్చి బకెట్టులో చేతులు కడుక్కుంటూ, "మేత మానేశాక గుండె నీరసపడిపోతుంది మిసెస్ క్లిఫర్డ్. ఇంకో మూడు రోజుల ముందు పిలిచి ఉంటే ధైర్యంగా చెప్పేవాణ్ణి" అన్నాడు.

"మూడు రోజుల ముందు ఏ వారం?" అంది నెల్.

"సోమవారం. మంగళవారమైనా సరే."

నెల్ తుండు అందించింది. 

శుక్రవారం అంతా నేను అక్కడే ఉన్నాను. శనివారం పొద్దున మాసీ వచ్చాడు, భుజం మీద గడ్డిమోపుతో. పిలవకుండా వచ్చాడు. గడ్డి పరిచి, పాత తలుపు చెక్క తెచ్చి డచెస్ పక్కకు ఒరగకుండా ఊతం పెట్టాడు. పని బాగా చేస్తాడు. అందులో వంక పెట్టలేను. నేను ఆయనతో మాట్లాడలేదు. నెల్ మాట్లాడింది.

"ఎన్ని పూడ్చావు మాసీ?"

"ఒకటి. రెండోదాన్ని గోబ్నిట్ పూడ్చనివ్వలేదు."

"నా డచెస్ పొట్ట చూశావు కదా దారిలో పోతూ. రోజూ పోతావు."

"చూశాను. నిజంగానే కవలలేమో అనుకున్నాను."

"అనుకున్నావా, అనుకోవాలనుకున్నావా?"

మాసీ చెక్క సర్దాడు. సర్దాల్సిన అవసరం లేదు, అది సరిగ్గానే ఉంది. "మా ఆవుల్లోనే దోషం ఉందనుకున్నాను నెల్. మా ఒక్కళ్ళకే అనుకున్నాను. ఆ సంగతి నీకు చెప్తే నువ్వు మా అమ్మను తప్పుగా అనుకుంటావని..."

"మీ అమ్మ బతికుంటే ఆ పారతో నీ వీపు చీరేసేది," అంది నెల్, కోపం లేకుండా, వాతావరణం గురించి చెప్పినట్టు.

శనివారం మధ్యాహ్నం పన్నెండు దాటాక నీళ్ళు వచ్చాయి. పాక గడప దాటి, వాకిట్లోకి, వాకిట్లోంచి దారిలోకి కాలువ కట్టాయి. నా బూట్ల పైదాకా వచ్చాయి. ఆ నీళ్ళతో పాటే అది కూడా వచ్చింది. కీరోగ్‌ది ఎలా ఉందో అలాగే. ఒకే అచ్చు. మాసీ గోనె కోసం వెతుకుతుంటే నెల్ వద్దంది. "అక్కడే ఉండనీ. నేను చూశాను, ఇంకొకరు కూడా చూస్తారు."

డచెస్ పొట్ట చిల్లుపడ్డ తిత్తిలా వాలిపోయింది. కాళ్ళు మడిచి కూలబడింది, లేవలేదు. వెచ్చటి నీళ్ళలో బెల్లపు పానకం కలిపి సీసాతో పట్టాం. నెల్ దాని చెవులు రుద్దుతూ కూర్చుంది. డాక్టరు మళ్ళీ వచ్చి మెడ నరానికి సీసా కట్టి వెళ్ళాడు. ఆదివారం పొద్దున, దారిలో కార్లు చర్చికి పోతున్నప్పుడు, డచెస్ మెడ చాచి నెల్ ఒడిలో పెట్టి రెండుసార్లు గట్టిగా ఊపిరి తీసింది. మూడోది తీయలేదు.

నెల్ ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే పట్టుకోవడానికి దగ్గరికి కూడా జరిగాను. ఆమె ఆవు తలను నెమ్మదిగా గడ్డిమీద దించి, లోపలికి వెళ్ళి, చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, ఆదివారపు కోటు తొడుక్కుని, టోపీకి పిన్ను గుచ్చుకుని బయటికి వచ్చింది. దారికి అడ్డంగా, నడిమధ్యన నిలబడింది.

"నెల్, ఏం చేస్తున్నావు?"

"పూజ అయిపోయి ఉంటుంది. ఈ దారినే వస్తాడు."

వచ్చాడు. కారు ఆపక తప్పలేదు, ఆమె కదలడం లేదు కాబట్టి. అద్దం దించి, అప్పటికే టోపీ తీసేశాడు. ఆ టోపీ తీయడం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

"నిన్నటి సంగతి విన్నాను నెల్. దేవుడు ఆయన ఇష్టప్రకారం..."

"దేవుణ్ణి ఈ కారులో ఎక్కించకు, చోటు లేదు. నేను ఎక్కాలి." వెనక తలుపు నన్ను తీయమంది, ముందు సీట్లో తను కూర్చుంది. మాసీ పాక దగ్గరే నిలబడి చూస్తున్నాడు. ఎక్కమని మేమెవరమూ అనలేదు.

"ఎక్కడికి?" అన్నాడు థేడీ.

"నీ కోడె ఎక్కడెక్కడికి పోయిందో అక్కడికి. దారి నీకే తెలుసు. కడుపుతో ఉన్న ఆవులు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఒక్కో గుమ్మం దగ్గరా నువ్వే చెప్తావు. నేను పక్కన నిలబడతాను."

"అందరి గుట్టూ బయట పెట్టమంటావా? మాట ఇచ్చాను వాళ్ళకి."

"నువ్వు మాట ఇవ్వలేదు. అమ్ముకున్నావు," అన్నాను వెనకనుంచి. "ప్రతివాడికీ వాడి ఆవే చెడ్డదని చెప్పావు. వాడు సిగ్గుతో తల వంచుకుంటే, చూడు నేను ఎంత మంచివాణ్ణో, నీ సిగ్గు దాస్తానన్నావు."

"బిషప్ చెడ్డది కాదు గోబ్నిట్."

"కాదు. కోడె తప్పు అణా అంత లేదు. పొడుగు ఆవులకు తోలుకుంటే వందేళ్ళు బతకనీ. ఆ ఒక్క మాట చెప్పడానికి మనిషికి నోరుండాలి, అంతే."

మొదటి ఇల్లు జూలియా డేలీది. తలుపు తీసి, ఆదివారపు కోటులో ముసలామెను, నన్ను, మా మధ్యలో థేడీని చూసి ఏదో చావు కబురనుకుంది. థేడీ గొంతులో ఏదో గొణిగాడు.

"బిగ్గరగా," అంది నెల్.

"కిందటేడు మీ ఆవుకి పుట్టింది... బుల్‌డాగ్‌ది..."

జూలియా ముఖం ఎర్రబడింది. కానీ కోపం మొదట ఎటు వచ్చిందో చూడండి. "థేడీ టీహన్. ఎవరికీ చెప్పనని ఒట్టు వేశావు. మా ఆయన నీ చేయి పట్టుకుని బతిమాలాడు. ఇప్పుడు మనుషుల్ని వెంటేసుకుని మా గుమ్మంలోకే వచ్చి మా పరువు తీస్తావా?"

"జూలియా," అంది నెల్, "నాకూ అదే పుట్టింది. నిన్న. నా ఆవు ఇవాళ పొద్దున చచ్చింది."

"మాకు రెండు," అన్నాను.

జూలియా మా ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. "మీకూనా? మా ఒక్కళ్ళకే అన్నాడు. మా అత్తగారు కొనుక్కొచ్చిన ఆవుల్లో ఉన్న దోషమన్నాడు. ఏడాదిగా ఆ ముసలిదానితో నేను మాట్లాడటం లేదు." థేడీ వైపు తిరిగింది. "ఇంకెన్ని ఇళ్ళు?"

థేడీ బూట్లు చూసుకున్నాడు. జూలియా చేతిలో గిన్నెలు కడిగే గుడ్డ ఉంది. దాన్ని రెండు మడతలు పెట్టి, ఆయన ముఖాన కొట్టింది. గట్టిగా కాదు. తడి చప్పుడు మాత్రం వచ్చింది.

రెండో ఇంట్లో ఎవరూ లేరు. మూడోది కాన్ కోర్కరీది, కొండ కింద. ఆయన తలుపు సగమే తీశాడు. ఈసారి థేడీ చెప్పమనకుండానే చెప్పాడు, గబగబా, బడిలో పాఠం అప్పజెప్పినట్టు. కాన్ అంతా విని, దారవతలి గోడను చూస్తూ, "మా ఇంట్లో అలాంటిదేం లేదు. మా ఆవులన్నీ శుభ్రంగా ఉన్నాయి. మీరు ఇల్లు పొరబడ్డారు" అన్నాడు.

ఆయన వెనక, నడవలో, ఆయన భార్య అప్పటికే కోటు తొడుక్కుంటోంది. బూట్లలో కాళ్ళు దూర్చి, మొగుడి భుజాన్ని పక్కకు నెట్టుకుని గుమ్మం దాటింది.

"ఆవు పాక వెనక ఉంది," అంది నెల్‌తో. "బుధవారం నుంచి మేత ముట్టడం లేదు. త్వరగా రండి."